ఎన్‌ఐసీయూలో సక్షన్: మూడు కాగితాల్లో దేన్ని నమ్మాలి?

ప్రశ్న (స్టాఫ్ నర్స్, బరంపురం)
నమస్కారం. మాది పర్లాకిమిడి. బరంపురంలో ఒక ప్రైవేట్ ఎన్‌ఐసీయూలో (పుట్టిన పిల్లల ఐసీయూ) చేస్తున్నాను. వెంటిలేటర్ మీదున్న పిల్లలకి ట్యూబ్ సక్షన్ (శ్వాస గొట్టంలోని కఫాన్ని పీల్చి తీయడం) ఎలా చెయ్యాలో మా దగ్గర మూడు కాగితాలున్నాయి. గోడకి అంటించినది రెండు గంటలకోసారి, సెలైన్ చుక్కలు వేసి మరీ చెయ్యమంటుంది. ఫైల్లోది అవసరమైతేనే అంటుంది. మూడోది రంగుల ఫ్లోచార్ట్, చూడ్డానికి బ్రహ్మాండం, కానీ పీల్చే ప్రెజర్ ఎంతో లేదు. షిఫ్ట్ మారితే పద్ధతి మారిపోతోంది. ఇన్‌ఛార్జ్ మేడమ్ నన్నే తేల్చమన్నారు. ఒకటే టెన్షన్.

జవాబు (సీనియర్ సిస్టర్, రాయగడ)
గోడ మీది కాగితం కింద తేదీ ఉందా చెల్లీ? ఎవరు రాశారో ఉందా? మా దగ్గర సెలైన్ అలవాటు మాన్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

జవాబు (పిల్లల డాక్టర్, కోరాపుట్)
సిస్టర్ అడిగిందే అసలు ప్రశ్న. గైడ్‌లైన్ నాణ్యత కొలవడానికి అగ్రీ-2 అని ఒక సాధనం ఉంది, 2010లో వచ్చింది. ఆరు విభాగాల్లో 23 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు. కనీసం ఇద్దరు విడివిడిగా వెయ్యాలి, నలుగురైతే మేలు.

నేనైతే ముందు చూసేది ‘తయారీలో నిక్కచ్చితనం’ అనే విభాగం. సాక్ష్యాలు ఎలా వెతికారు, అవి ఎంత గట్టివి, ఏ సిఫారసు దేని ఆధారంగా చేశారు, బయటి నిపుణులకి చూపించారా, మళ్ళీ ఎప్పుడు సవరిస్తారు, ఇలా 8 అంశాలు. ఇద్దరు వేస్తే కనిష్ఠం 16, గరిష్ఠం 112. మీ ఇద్దరివీ కలిపి 40 వచ్చాయనుకోండి. 40లోంచి 16 తీసేసి, 112కీ 16కీ తేడా అయిన 96తో భాగిస్తే 25 శాతం. ఫ్లోచార్ట్‌కి స్పష్టత అనే విభాగంలో మంచి మార్కులే రావచ్చు, ఇక్కడ మాత్రం దొరికిపోతుంది. పాస్ మార్కు ఇంత అని అగ్రీ-2 చెప్పదు, మీ యూనిట్టే ముందు అనుకోవాలి.

ఒక్క మాట. అది కొలిచేది గైడ్‌లైన్ ఎలా తయారైందన్నదే. లోపలి విషయం సరైనదో కాదో విడిగా చూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు
సార్, మార్కులు నిదానంగా వేస్తాం. రేపటి నైట్ డ్యూటీకి ఏం పాటించను?

జవాబు (కోరాపుట్)
అమెరికన్ అసోసియేషన్ ఫర్ రెస్పిరేటరీ కేర్ 2022లో ఇచ్చినది దగ్గర పెట్టుకోండి. గడియారం చూసి కాదు, అవసరం చూసి చెయ్యాలి: ట్యూబులో కఫం కనిపించినా, వెంటిలేటర్ తెర మీద ఫ్లో గ్రాఫ్ రంపపు పళ్ళలా వచ్చినా. సెలైన్ మామూలుగా వెయ్యక్కర్లేదు. కేథటర్ (కఫం పీల్చే సన్న గొట్టం) ట్యూబ్ చివరిదాకానే, అంతకంటే లోపలికి తొయ్యొద్దు. ఒక్కోసారి 15 సెకన్లు దాటకూడదు. పసిపిల్లలకి ప్రెజర్ 120 ఎంఎం హెచ్‌జీ లోపు. మీ డాక్టర్ గారితో సంతకం పెట్టించుకున్నాకే గోడకి అంటించండి.

జవాబు (రాయగడ)
కేథటర్ సైజూ చూడు చెల్లీ. ట్యూబ్ లోపలి వ్యాసంలో 70 శాతం లోపే ఉండాలి. కేథటర్ మీదుండే సైజు నంబరుని (ఫ్రెంచ్ నంబరు అంటారు) 3తో భాగిస్తే మిల్లీమీటర్లు. 3 ఎంఎం ట్యూబులో 6 నంబరు వేస్తే 67 శాతం, సరిపోతుంది. 3.5 ట్యూబే కదా అని 8 నంబరు వేస్తే 76 శాతం, ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు
అక్కా, మా ప్రెజర్ గేజ్ మీద ఎంఎం హెచ్‌జీ లేదు, కేపీఏ (కిలోపాస్కల్) అని ఉంది!

జవాబు (రాయగడ)
120 ఎంఎం అంటే 16 కేపీఏ. నువ్వు 13 దగ్గర పెట్టుకో, సుమారు 100 ఎంఎం. కేథటర్ మడిచి పట్టుకుని ముల్లు చూసి సెట్ చెయ్యి.