'ఫిడేలు' సరే, 'విద్వాంసుడు' అనవచ్చునా?

అమెరికా జానపద సంగీతం మీద వ్యాసం అనువదిస్తున్న మిత్రులొకరు, ఫిడేలు వాయిస్తూ సొంత పాటలు పాడిన పాతకాలపు కళాకారుణ్ణి "ఫిడేలు విద్వాంసుడు, వాగ్గేయకారుడు" అనవచ్చునా అని నిన్న ఇక్కడ అడిగారు. వ్యాకరణం ఒప్పుకుంటుంది గాని, ఆ రెండు మాటలు చదవగానే మన కళ్లకు కట్టేది ఇంకొక మనిషి.

మనకు ఫిడేలన్నా వయొలినన్నా ఒకటే. ద్వారం వెంకటస్వామినాయుడుగారిని జనం ఆప్యాయంగా ఫిడేలు నాయుడుగారు అని పిలుచుకున్నారు. 1941లో సంగీత కళానిధి బిరుదు అందుకున్న మహానుభావుడికి ఆ పిలుపు వల్ల గౌరవం ఏమీ తగ్గలేదు. అమెరికాలో మాత్రం, వాద్యం అదే అయినా, స్వరలిపి చూసి కచేరీలో వాయిస్తే వయొలిన్ అంటారు, పెద్దల దగ్గర విని పట్టుకున్న వరసను ఊరివాళ్ల నాట్యానికి వాయిస్తే ఫిడిల్ అంటారు.

అలా ఫిడేలు వాయిస్తూ పాడిన అమెరికా జానపద కళాకారుడు జాన్ కార్సన్ జీవితం చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. ఆయన జార్జియా రాష్ట్రపు ఉత్తర ప్రాంతం మనిషి. అట్లాంటా నూలుమిల్లుల్లో కూలికి పనిచేస్తూ, పని లేనప్పుడు వీధుల్లో వాయించి పొట్టపోసుకున్నాడు. 1913లో మొదలైన అట్లాంటా ఫిడేలు పోటీల్లో పలుమార్లు గెలిచాడు, 1922లో రేడియోలో పాడాడు. 1923 జూన్ 14న ఆయన అట్లాంటాలో పాడిన రెండు పాటలను రికార్డు చేసిన రికార్డు కంపెనీ మనిషి రాల్ఫ్ పీర్‌కు ఆ గొంతు ఏమాత్రం నచ్చలేదు. అయినా స్థానిక వ్యాపారి పట్టుబట్టడంతో 500 ప్రతులు వేస్తే, అవి చూస్తుండగానే అమ్ముడుపోయాయి. పల్లెపాటకు కొనేవాళ్లున్నారని రికార్డు కంపెనీలకు తెలిసివచ్చింది అప్పుడే. అంతటివాడు చివరి రోజుల్లో రాష్ట్ర శాసనసభ భవనంలో లిఫ్టు నడిపి, 1949లో కన్నుమూశాడు.

వాద్యం సంగతికి వస్తే ఒక విశేషం చెప్పాలి. తూర్పు అమెరికాలోని అపలాచియన్ కొండప్రాంతపు ఫిడేలు వాద్యకారులు తంత్రులను తరచు, పాశ్చాత్య స్వరాల పేర్లలో చెప్పాలంటే, ఎ-ఇ-ఎ-ఇ అని శ్రుతి చేసుకుంటారు. మొదటి ఎ-ని షడ్జమం అనుకుంటే అది అచ్చంగా మన కర్ణాటక సంగీతంలో వయొలిన్‌కు చేసే స-ప-స-ప. వాళ్లదీ మనవాళ్లదీ ఒకే శ్రుతి గనుక, 'ఫిడేలు' అన్న మాటను నేను నిశ్చింతగా ఉంచుతాను. అభ్యంతరం 'విద్వాంసుడు' మీదనే, ఎందుకంటే ఆ మాటలో గురువూ, శాస్త్రమూ, సభా ఉన్నాయి.

ఇక 'వాగ్గేయకారుడు'. మాటను మాతువనీ, వరసను ధాతువనీ చెప్పి, రెండూ చేసినవాడే వాగ్గేయకారుడన్న సంగీతరత్నాకర కర్త శార్ఙ్గదేవుడు, ఇతరుల ధాతువుకు మాతువు కూర్చేవాణ్ణి కుట్టికారుడని వేరుచేశాడు. కార్సన్ చాలావరకు చేసింది ఈ రెండో పనే: ఊళ్లో జరిగినదాన్ని, అందరికీ తెలిసిన పాత వరసలో పెట్టి పాడటం. దానికి తెలుగులో చక్కని మాట ఉంది, 'పాట కట్టడం'.

ఆ పని ఎంత ప్రమాదకరమో కూడా ఆయన జీవితమే చూపుతుంది. 1913లో అట్లాంటాలోని పెన్సిళ్ల ఫ్యాక్టరీలో పదమూడేళ్ల మేరీ ఫేగన్ హత్య జరిగినప్పుడు, యూదుడైన మేనేజరు లియో ఫ్రాంక్‌ను హంతకుడిగా నిలబెట్టి పాట కట్టి, జనం మధ్య పాడాడు. కోర్టు ఫ్రాంక్‌కు వేసిన మరణశిక్షను 1915లో గవర్నరు యావజ్జీవంగా మార్చగా, ఒక మూక ఫ్రాంక్‌ను జైలు నుంచి ఎత్తుకుపోయి ఉరితీసింది. 1986లో రాష్ట్రం అతనికి మరణానంతర క్షమాభిక్ష ఇచ్చింది. ఆ పాట మాత్రం 1925లో కార్సన్ కూతురి గొంతులో రికార్డుకెక్కి, నేటికీ వినిపిస్తోంది. అనువాదకులు ఈ భాగాన్ని దాటవేయవద్దని నా మనవి.

ఒక సభ్యురాలి ప్రశ్న: మీ వాదన బాగుందండీ. కాని 'పాట కట్టేవాడు' అంటే చిన్నచూపు చూసినట్టు ఉండదా?

జవాబు: ఉండదనే అనుకుంటున్నానమ్మా. సినిమా సంగీత దర్శకులు బాణీ కట్టారని రోజూ రాస్తున్నాం, అందులో ఎవరికీ చులకన కనబడదు. పూలమాలకూ ఇంటికీ పాటకూ ఒకే క్రియ వాడే భాష మనది. "ఫిడేలు వాయిస్తూ, పాటలు కట్టి పాడిన జాన్ కార్సన్" అని రాస్తే, బిరుదు ఏదీ తగిలించకుండానే మనిషి కనిపిస్తాడు.