అకౌంట్ అద్దెకిచ్చినవాడు కూడా దొంగేనా?

సీతమ్మధార_మావయ్య:
మా అక్క కొడుకు ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం. ఫ్రెండు ఒకడు "నీ పేరు మీద కొత్త అకౌంట్ తీసి ఏటీఎం కార్డు, సిమ్ము ఇవ్వు, 5 వేలిస్తా" అంటే ఇచ్చేశాడు. రెండు నెలలకి అకౌంట్ ఫ్రీజయింది. పోలీసులమని చెప్పి ఎవరినో డిజిటల్ అరెస్ట్ చేశామని వీడియో కాల్‌లో భయపెట్టి లాగిన డబ్బులో కొంత ఆ అకౌంట్లోంచే దాటిందట. వేరే రాష్ట్రం పోలీసులు బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 35(3) కింద నోటీసిచ్చారు, గురువారం హాజరవ్వాలి. అక్క నాలుగు రోజులుగా అన్నం ముట్టడం లేదు. ఫోన్ చేసింది వీడు కాదు, బెదిరించింది వీడు కాదు, ఆ డబ్బులో ఒక్క రూపాయి వాడుకోలేదు. గడ్డపలుగు అద్దెకిచ్చినవాణ్ణి గోడకి కన్నం వేసిన కేసులో పెడతామా? పెట్టకూడదనే నా వాదన. ఎవరైనా కాదంటే ఎందుకో చెప్పండి.

పెదవాల్తేరు_అమ్మాయి:
నేను కాదంటాను. మా నాన్నగారికి రిటైరయ్యాక వచ్చిన డబ్బులో 11 లక్షలు ఇలాగే పోయాయి. మూడు రోజులు గది తలుపేసుకుని ఫోన్ ముందే కూర్చున్నారు, అమ్మతో కూడా చెప్పనివ్వలేదు వాళ్ళు. మాకు తెలిసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేసేసరికే డబ్బు ఒక అకౌంట్లోంచి ఇంకోదానికి, అక్కడినుంచి ఆరేడింటికి చీలిపోయింది. ఆ ప్రతి అకౌంటుకీ మీ మేనల్లుడి లాంటి ఒక పేరుంది. 2024 మేలో మన విశాఖ పోలీసులే బయటపెట్టారు కదా, ఉద్యోగాలని చెప్పి ఇక్కడి కుర్రాళ్ళని కంబోడియా పంపి ఈ మోసాలు చేయిస్తున్నారని. అంత దూరంలో కూర్చుని ఎవరికైనా ఫోన్ చెయ్యొచ్చు కానీ, ఇక్కడ ఎవరో ఒకరు అకౌంట్ ఇవ్వకపోతే మా నాన్న డబ్బు ఇల్లు దాటేది కాదు. పలుగు అద్దెకిచ్చేవాడు అందరికీ ఒకే రేటుకి ఇస్తాడండీ. ఖాళీ అకౌంటుకి 5 వేలు ఎవరిస్తారు, ఎందుకిస్తారు?

గాజువాక_ఆటో:
అమ్మా, ఆ రేటు మాట దగ్గర నేనూ ఒకటి చెప్తాను. మా బళ్ళలో బ్యాగులతో ఎంతోమంది ఎక్కుతారు, ఎవరి బ్యాగూ నేను తెరిచి చూడను. ఒకసారి రాత్రి 11 గంటలప్పుడు ద్వారకా బస్‌స్టేషన్ దగ్గర ఇద్దరెక్కి, 150 అయ్యే దూరానికి 2 వేలిస్తాం, మెయిన్ రోడ్డు వద్దు, సందుల్లోంచి పోనివ్వు అన్నారు. దింపేశాను. గంజాయి దొరికితే బండి కూడా పోతుంది, నాకు తెలియకుండానే వాడారని ఓనర్‌గా నేనే రుజువు చేసుకోవాలి, కిస్తీలు ఇంకా 14 ఉన్నాయి. వాళ్ళ బ్యాగులో ఏముందో నేను చూడలేదు, ఈరోజుకీ తెలీదు. కానీ 2 వేలు అన్నప్పుడే తెలియాల్సింది తెలిసిపోయింది.

కోర్టు_గుమ్మం:
ఇక్కడ జిల్లా కోర్టులో నాలుగేళ్ళ ప్రాక్టీసు నాది. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకి ఐపీసీ కాదు, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత). పాత 107వ సెక్షన్ ఇప్పుడు 45, అదే అబెట్‌మెంట్, అంటే నేరానికి తోడ్పడటం. ఉసిగొల్పడం, కుట్రలో చేరడం, కావాలని సాయపడటం, ఈ మూడూ అందులోకి వస్తాయి. నేరానికి ముందో, జరుగుతుండగానో చేసిన సాయమై ఉండాలి. రుజువైతే, వేరే శిక్ష ప్రత్యేకంగా రాసి లేనిచోట, 49 కింద అసలు నేరానికున్న శిక్షే. 318(4) మోసమైతే ఏడేళ్ళ దాకా.

కానీ పెదవాల్తేరు మేడం, "వీడు లేకపోతే నేరం జరిగేదే కాదు" అన్న ఒక్క మాట చాలదు. శ్రీరామ్ అనే హత్య కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఇదే తేల్చింది. ఒకణ్ణి స్నేహంగా పిలుస్తాం, ఆ పిలుపు వల్లే హంతకుడికి పని సులువవుతుంది, అయినా ఆ ఉద్దేశంతో పిలవకపోతే అది అబెట్‌మెంట్ కాదు. సాయం చెయ్యాలన్న ఉద్దేశాన్ని ప్రాసిక్యూషన్ చూపించాల్సిందే. మీ బాధ తెలిసి కూడా ఇది చెప్పక తప్పడం లేదు.

మావయ్యగారూ, అలాగని మీరు ఊపిరి పీల్చుకోకండి. కొత్త చట్టంలో 317 కింద మోసం చేసి సంపాదించిన సొత్తు కూడా దొంగసొత్తే, పాత 410లో మోసం అన్న మాట లేదు. అక్కడ నేరం చేయించే ఉద్దేశం అక్కర్లేదు. అది దొంగసొత్తని నమ్మడానికి తగిన కారణం ఉండి కూడా దురుద్దేశంతో తీసుకుంటే చాలు, మూడేళ్ళ దాకా. కార్డు చేతులు మారాక సొత్తు వీడు తీసుకున్నట్టా అని మేం వాదిస్తాం, అది వేరే సంగతి. ఆటో అన్న చెప్పిన 2 వేలు, మీవాడి 5 వేలు మాత్రం జడ్జి ముందు ఒకేలా కనబడతాయి.

చరిత్ర_మాస్టారు:
1923లో కలకత్తా శంకరితోలా పోస్టాఫీసులో పోస్టుమాస్టర్ని కాల్చి చంపారు. ఆ కేసులో నిందితుడు బరేంద్ర కుమార్ ఘోష్, నేను బయటే నిలబడ్డాను అన్నాడు. 1924లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మన కేసులకి లండన్‌లో ఉన్న చివరి కోర్టు) ఒప్పుకోలేదు. బయట నిలబడటం కూడా పనిలో భాగమే అంది.

కోర్టు_గుమ్మం:
మాస్టారూ, అది ఉమ్మడి ఉద్దేశం, ఇప్పటి బీఎన్ఎస్ 3(5). లోపలికి వెళ్ళినవాళ్ళు దేనికి వెళ్ళారో అతనికి తెలుసు. ఈ కుర్రాడికి ఎంత తెలుసన్నదే ఇక్కడి తగువంతా.

పెదవాల్తేరు_అమ్మాయి:
సరే, ఉద్దేశమే కావాలంటే అదే చూడండి. మావయ్యగారూ, కోపం లేకుండానే అడుగుతున్నాను, అకౌంట్ తీసేటప్పుడు ఆ ఫ్రెండుతో నడిచిన చాట్ మీరు చదివారా? వాడు చెరిపెయ్యలేదు కదా?

కోర్టు_గుమ్మం:
చెరిపితే సాక్ష్యం మాయం చేశాడని 238వ సెక్షన్ కూడా మెడకి చుట్టుకోవచ్చు. ఏదీ ముట్టుకోవద్దనండి.

సీతమ్మధార_మావయ్య:
ఇప్పుడే అక్క వాళ్ళింటికి వెళ్ళి చదివాను. చెరపలేదు. "బ్యాంకోళ్ళు అడిగితే బట్టల వ్యాపారం పెడుతున్నానని చెప్పు" అని ఫ్రెండు పెట్టాడు. మావాడు "ఓకే, ఎవరికీ చెప్పకు మరి, మా మావయ్యకి తెలిస్తే చంపేస్తాడు" అని పెట్టాడు. అది చదివాక నేను పైన రాసిన పలుగు మాట వెనక్కి తీసుకుంటున్నాను. వాడికి ఏం తెలుసో పూర్తిగా నాకిప్పటికీ తెలీదు, కానీ దాచాల్సిన పని అని మాత్రం తెలుసు. పెదవాల్తేరు అమ్మా, నాన్నగారు ఎలా ఉన్నారు? రేపు లాయరుకి చాట్ చూపిస్తాం, గురువారం ఆ ఫోన్ తీసుకునే వెళ్తున్నాం.