మూతి నుంచి మందు పోసే తుపాకీ పోటీ: ఈడ ప్రాక్టీస్ చేసే దారి ఉందా?

హన్మకొండోడు:
అందరికి నమస్తే. మా అక్కావాళ్లు సిన్సినాటిల ఉంటరు, సెప్టెంబర్‌ల నేను పోతున్న, విజిట్ వీసానే. మా బావకు ఈమధ్య పాతకాలం రైఫిళ్ల పిచ్చి పట్టింది, మజిల్‌లోడర్లు అంటరట, గొట్టం మూతి నుంచి మందు పోసి గుండు దిగ్గొట్టి పేల్చేటివి. వాళ్లకు దగ్గర్లనే ఇండియానాల ఫ్రెండ్‌షిప్ అని చిన్న ఊరు, 1933ల పుట్టిన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ వాళ్ల రేంజ్ ఆడనే ఉందట, నీ పేరు గూడ రాపిస్త వచ్చి కాల్చు అంటున్నడు. నేను కాలేజీల ఎన్‌సీసీల పాయింట్ టూ టూ రైఫిల్ కాల్చిన, గంతే. విజిట్ వీసా మీద పోయినోడు ఆడ తుపాకీ పట్టొచ్చా? ఇంక టైం ఉంది గనుక వరంగల్ దిక్కు ఏమన్న ప్రాక్టీస్ చేసుకోవచ్చా? తెల్సినోళ్లు చెప్పుండ్రి.

ములుగు పోరడు:
అన్నా ఈడ ప్రాక్టీసా 😂 మా దిక్కు నాటు తుపాకీ అని జర గట్టిగ అంటే చాలు, ఠాణా నుంచి ఫోనొస్తది. ఏటూరునాగారం అడివి పక్క ఊర్లల్ల అడివి పందుల కోసమని దాసిపెట్టుకున్నోళ్లు దొరుకుడు, పేపర్ల ఫొటో పడుడు మనం సూడందా. బర్మార్, అంటే ఇట్ల మూతి నుంచి మందు పోసే నాటు తుపాకీ గూడ, ఆర్మ్స్ యాక్ట్ 1959 కిందికే వస్తది, లైసెన్స్ లేకుంటే కేసే. ఎవడన్న మా తాతది ఉంది, మందు నేను కలుపుత అంటే దండం పెట్టి వచ్చెయ్. సూడాలని ఉంటే సెప్టెంబర్ మొదట్ల కర్ణాటకల కొడగు పో, కైల్‌పోదు పండుగకు టెంకాయ పెట్టి కాల్చే పోటీలుంటయి. ఆడి కొడవ జాతోళ్లకు లైసెన్స్ మినహాయింపు ఉంది, 2029 దాక పొడిగించిన్రు. నువ్వు అప్పటికి ఫ్లైట్ల ఉంటవనుకో.

ఓరుగల్లు టు ఒహాయో:
వీసా సంగతి ముందు చెప్త, ఇది చానమందికి తెల్వది. అమెరికా ఫెడరల్ చట్టంల విజిట్ వీసా మీదొచ్చినోళ్లు తుపాకీ, తూటాలు పట్టుకోవద్దు, మినహాయింపులు కొన్నే. కాని పాతకాలం నల్ల తుపాకీమందుతోని (బ్లాక్ పౌడర్) కాల్చే, రెడీమేడ్ తూటా పట్టని మజిల్‌లోడర్‌ను ఆ చట్టం అసలు తుపాకీ కింద లెక్కే పట్టది, యాంటిక్ అంటది, నిన్నగాక మొన్న చేసిన నకలైనా సరే. మామూలు తుపాకీ బాడీకి మజిల్‌లోడర్ గొట్టం బిగించినయి గూడ ఉంటయి, అవి ఈ లెక్కల రావు. రాష్ట్రం రూల్స్ వేరే కాబట్టి బావను ముందుగాల క్లబ్ వాళ్లకు మెయిల్ పెట్టమను. ఇంకోటి, ఇంటికొచ్చినంక ఇది గూడ పట్టి చూడు అని ఆయన నైన్ ఎంఎం పిస్తోల్ చేతికిస్తే మాత్రం ముట్టకు తమ్మి.

ఇగ కాల్చుడు. అందరు గురి గురి అంటరు గని మార్కులు పోయేది లోడ్ చేసే కాడ. 50 క్యాలిబర్ రైఫిల్‌కు 60 గ్రెయిన్ల మందు అనుకో, అంటే దగ్గర దగ్గర 4 గ్రాములు, గ్రెయిన్‌ను గ్రాము అనుకునేవు జాగ్రత్త. అదెప్పుడు గూడ డబ్బాల నుంచి సీదా గొట్టంల పోయొద్దు, లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే డబ్బా చేతిల్నే పేలుతది, అందుకే కొలత గొట్టంలకు వంచుకొని పోస్తరు. తర్వాత గ్రీజు రాసిన బట్టముక్క, దాని మీద సీసం గుండు, కడ్డీతోని మందుకు ఆనేదాక దింపాలె. మధ్యల సందు మిగిలితే గొట్టం ఉబ్బుతది, పగులుతది గూడ. కడ్డీ మీద గీత పెట్టుకుంటరు, గీత మూతి కాడికి రాలేదంటే గుండు ఇంక దిగలేదన్నట్టు. ప్రతిసారి ఒకటే బలంతోని నొక్కాలె, ఒకసారి మెల్లగ ఒకసారి గుద్దినట్టు చేస్తే గుండ్లు తలా ఒక దిక్కు పోతయి. క్యాప్, అంటే దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న టోపీ, అన్నిటికంటె లాస్ట్, అది గూడ కాల్చే లైన్ మీద నిలబడ్డంకనే. పేలకుంటే మూతి టార్గెట్ దిక్కే పెట్టి ఒక నిమిషం కదలకు, లేటుగ పేలేటివి ఉంటయి. మాటల్ల పడి మందు మర్చిపోయి ఉత్త గుండు దింపేటోళ్లు ప్రతి పోటీల ఉంటరు, ఆడ తెలుగోళ్లు కలిస్తే ముచ్చట్లు లోడ్ అయినంక పెట్టుకో.

కాజీపేట రైఫిల్:
పైన అన్న చెప్పింది కరెక్టే గని ప్రాక్టీస్ సంగతి ఎవ్వరు చెప్పలే. ఎయిర్ రైఫిల్ పట్టుకో బ్రో. పాయింట్ 177 బోరు, బలం 20 జూల్స్ లోపుదైతే లైసెన్స్ అక్కర్లేదు. దాంతోని నేర్చుకోవాల్సింది ఒక్కటే, ట్రిగ్గర్ నొక్కినంక గూడ గురి వదలకుండ నిలబడుడు. చెకుముకి రకం రైఫిల్ల రాయి కొట్టి రవ్వ లేవాలె, బయట పళ్లెంల మందు అంటుకోవాలె, ఆ మంట సన్న రంధ్రంల నుంచి లోపలికి పోవాలె, అప్పుడు గుండు కదులుతది. అంత సేపట్ల మనోళ్లు తలకాయ లేపి టార్గెట్ దిక్కు చూస్తరు, గుండు కింద మట్టిల తగుల్తది. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ గూడ మెల్లగనే పోతది కాబట్టి తల లేపితే టార్గెట్ మీదనే తెలిసిపోతది. నిలబడి కాల్చు, టేబుల్ మీద ఆనించి మురవకు. ఇంటర్నేషనల్ రూల్స్‌ల అయితే అర్ధగంటల 13 షాట్లు, మంచివి 10 లెక్కపెడ్తరు, నింపుడు తుడుచుడు అన్ని ఆ టైంలనే, కాబట్టి గడియారం పెట్టుకొని చెయ్.

హన్మకొండోడు:
మస్తు థ్యాంక్స్ అన్నలు. వీసా సంగతి మా బావకే తెల్వదట, క్లబ్‌కు మెయిల్ పెడ్త అన్నడు. ఆయన రైఫిల్ చెకుముకిదే. నాది ఎడమచేతి వాటం, ఏమన్న ఇబ్బందా?

ఓరుగల్లు టు ఒహాయో:
ఇబ్బందే. మామూలు దాంట్ల పళ్లెం కుడి దిక్కుంటది, నువ్వు ఎడమ భుజానికి ఆనిస్తే ఆ మంట నీ మొఖం ముందల లేస్తది. కండ్లద్దాలు ఎట్లయిన పెట్టుకోవాలె, అది వేరే ముచ్చట, కాని మంట చూసి రెప్ప కొట్టకుండ ఉండుడు కొత్తోడితోని కాదు. రవ్వ కొట్టే లాక్ ఎడమ దిక్కు ఉన్నది గని, క్యాప్ రకం గని ఎవరి దగ్గరన్న ఒకరోజుకు అడిగిపెట్టమను బావను. ఆ క్లబ్‌ల ఉండేటోళ్లు మంచోళ్లే, అడిగితే ఇస్తరు. కాల్చినంక ఆ రాత్రికే సబ్బు నీళ్లతోని కడిగి, ఆరబెట్టి, నూనె రాసి ఇయ్యి, ఆ నల్ల తుపాకీమందు మసి తేమను గుంజి తెల్లారేసరికి తుప్పు పట్టిస్తది.