పిల్లల క్యాన్సర్ వార్డుకి మళ్లీ వెళ్లాలా, మానేయాలా? (ఎం.బి.బి.ఎస్. సెకండియర్)

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లోనే చదువుతున్నాను. మా బ్యాచ్‌లో ఆరుగురం ఆదివారాలు పిల్లల క్యాన్సర్ వార్డుకి వెళ్దామనుకున్నాం. ఆసుపత్రి పేరు రాయను, తప్పు వాళ్లది కాదు, నాది. పర్మిషన్ తీసుకునే వెళ్లాం.

మొదటి ఆదివారం రంగు పెన్సిళ్లు, బొమ్మల పుస్తకాలు పట్టుకెళ్లాం. కిటికీ పక్క మంచం మీద ఏడేళ్ల బాబు. జుట్టంతా రాలిపోయింది. కుడి చేతికి క్యాన్యులా (మందు ఎక్కించే సన్న గొట్టం), అది కదలకుండా అట్టముక్క పెట్టి కట్టారు. ఎడమ చేత్తోనే ఆర్టీసీ బస్సు గీశాడు, ఎర్రది. బోర్డు మీద అక్షరాలు కుదరట్లేదని నన్ను రాయమన్నాడు. "అచ్చంపేట" అని రాశాను. బయల్దేరుతుంటే "అన్నా, మళ్లెప్పుడొస్తవ్?" అన్నాడు. "వచ్చే ఆదివారం" అన్నాను.

వెళ్లలేదు. ఇంటర్నల్స్ వచ్చాయి, తర్వాత మా అక్క పెళ్లి. ఐదు వారాలు గడిచిపోయాయి. ఆరో ఆదివారం వెళ్తే ఆ మంచం మీద వేరే పాప ఉంది. నా గుండె జారిపోయింది. సిస్టర్ "డిశ్చార్జ్ అయ్యాడు, బాగానే ఉన్నాడు" అని చెప్పి, డ్రాయర్‌లోంచి ఒక కాగితం తీసి ఇచ్చారు. ఇంకో బస్సు. బోర్డు ఖాళీగా ఉంది. అన్నతో రాయించమని ఇచ్చి వెళ్లాడట.

ఆ కాగితం ఇప్పుడు నా ఫిజియాలజీ పుస్తకంలో ఉంది. మాలాంటివాళ్లు వెళ్లడం వల్ల ఆ పిల్లలకు మేలు జరుగుతుందా, లేక ఇంకో బాధ కలిపి వస్తున్నామా? వెళ్తే అసలు ఏం చేయాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1 (ఒక అమ్మ, దేవరకొండ దిక్కు)

తమ్ముడూ, మా పాపకు ఐదేండ్లప్పుడు రక్త క్యాన్సర్ అన్నరు, ఏ.ఎల్.ఎల్. రెండున్నరేండ్లు మందు నడిచింది. ఇప్పుడు నాలుగో తరగతి చదువుతున్నది. ఆరోగ్యశ్రీ ఉండబట్టి బెడ్డుకు, ఇంజక్షన్లకు మేం పైసలు కట్టలె. కానీ బస్సు కిరాయి, మా ఆయన కూలి పోవుడు, ఇంటికాడ చిన్నోన్ని ఎవరు చూస్తరన్న రంది, ఇవి ఏ కార్డుల రావు.

బొమ్మలు తెచ్చినోళ్లు శానమంది వచ్చిండ్రు. వాళ్ల మనసు మంచిదే. ఆ మెత్తటి బొమ్మలు ఇన్ఫెక్షన్ అని సిస్టర్ మంచం మీద పెట్టనియ్యలె, మూట గట్టి ఊరికి పంపిన. నాకు మతికున్నది ఒక్క పిల్ల. మీ లెక్కనే డాక్టర్ చదువు చదువుకుంట ఉండె. ప్రతి ఆదివారం పన్నెండుకు వచ్చేది. "అక్కా, పోయి తానం జేసి తినిరా, నేను కూసుంట" అనేది. అర్ధగంట, అంతే. మొదటిసారి నేను కదల్లె, నమ్మకం లేక. రెండోసారి పోయిన. నాలుగు దినాల తర్వాత తలకు నీళ్లు పోసుకున్న. కింద కూసొని వేడి అన్నం తిన్న. ఆ పొద్దు ఏం కూర తిన్ననో గూడ ఇప్పటికి యాదికున్నది, బీరకాయ.

ఇంటికి పంపేటప్పుడు మందుల చీటి ఇచ్చిండ్రు. అంతా ఇంగ్లీషు. మెర్కాప్టోప్యూరిన్ రోజూ రాత్రి, ఒకరోజు మాత్ర, ఒకరోజు సగం. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పదోదాంక చదివిన, అయినా ఆగమైన. ఆ పిల్ల కిరాణం దుకాణపోళ్ల క్యాలెండర్ ఒకటి తెచ్చి, నిండు మాత్రకు నిండు గుండ్రం, సగానికి సగం గుండ్రం గీసింది. బేస్తవారం కాడ మాత్రం ఎర్ర పెన్నుతో పెద్ద గీత. గీసినంక నా చేతికియ్యలె. డాక్టర్ మేడమ్ కాడికి పట్కపోయి చూపిచ్చి, అప్పుడిచ్చింది. ఆ వారం మందు మర్చి రోజూ ఏస్తే పానానికే ముప్పంట. ఇవన్నీ ఆ పొద్దే తెలిసినయి. మందు బందైనంక గూడ ఆ క్యాలెండర్లు పారెయ్యలె, బియ్యం డబ్బ ఎనుక దాసిన.

ఆ పిల్లకు గూడ పరీక్షలొచ్చినయి. "వచ్చే రెండు ఆదివారాలు రాను, మూడోదానికి వస్త" అని పాపకే చెప్పింది. పాప ఏడ్వలె, వేళ్ల మీద లెక్క పెట్టుకున్నది. నువ్వు పోవుడు మానకు తమ్ముడూ. రానప్పుడు రానని చెప్పు.

జవాబు 2 (పీడియాట్రిక్స్ పీజీ)

పైన అక్క చెప్పిన క్యాలెండర్ సంగతి రెండుసార్లు చదువు. గీయడం కంటే మేడమ్‌కి చూపించడమే ఆ అమ్మాయి చేసిన గొప్ప పని. నువ్వు తెల్లకోటు వేసుకుంటే తల్లులు రిపోర్టు చేతికిచ్చి "బాగుందా సార్?" అంటారు. చదివి చెప్పకు. "నేనింకా చదువుకుంటున్నానమ్మా, పదండి, అడుగుదాం" అని లేచి వాళ్లతో నడువు. అసలు కోటు వేసుకోకుండా వెళ్తే ఇంకా మంచిది.

జలుబున్నా, గొంతు నొప్పి ఉన్నా, హాస్టల్‌లో ఎవరికైనా ఆటలమ్మ వచ్చినా వార్డు గడప తొక్కొద్దు. కీమో తర్వాత న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు) 500 కంటే తగ్గిన పిల్లాడికి జ్వరం వచ్చిందంటే అది ఎమర్జెన్సీ, గంటలోపు యాంటీబయాటిక్ పడాలని పరుగెత్తుతాం. ఫోటోలు వద్దే వద్దు. తల్లి సరే అన్నా వద్దు, కాదనే ధైర్యం అక్కడ ఎవరికీ ఉండదు.

ప్రతి వారం రాలేని నీ స్నేహితులు రక్తం ఇవ్వొచ్చు. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవుండవు. మా పిల్లలకు అవి ఎప్పుడు కావాల్సి వస్తాయో చెప్పలేం.

ఇంకొకటి. నయం కాని పిల్లల దగ్గరికి వెళ్లడానికి భయపడకు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. అది చివరి రోజుల కోసమే అనుకుంటారు. కాదు. నొప్పి, వాంతులు, నిద్ర, తల్లిదండ్రుల దిగులు, అన్నీ చూస్తారు, చికిత్స నడుస్తున్నప్పుడు కూడా. నొప్పి తగ్గించే మార్ఫిన్ నోటి ద్వారా ఇస్తే ముడుచుకు పడుకున్న పిల్లాడు లేచి కూర్చుని ఆడుకోవడం నేను చూశాను. ఇది నాకు పాఠంలో కంటే అక్కడే బాగా అర్థమైంది.

జవాబు 3 (హౌస్ సర్జన్)

ఒంటరిగా వెళ్లకండి, ఇద్దరిద్దరు వెళ్లండి. నేను ఒక్కదాన్నే వెళ్లేదాన్ని. నాకు అలవాటైన పాప చనిపోయిన రోజు హాస్టల్‌కి వచ్చి ఎవరికీ చెప్పకుండా పడుకున్నాను, ఆ తర్వాత మూడు నెలలు అటు వెళ్లలేకపోయాను. పక్కన ఒకరుంటే లక్డీకాపూల్ మెట్రో మెట్ల మీదైనా కూర్చుని ఏడ్చేదాన్ని. మళ్లీ మొదలుపెట్టాను, ఇప్పుడు ఇద్దరం వెళ్తున్నాం.

ప్రశ్న అడిగినతను

అక్కా, మీ జవాబు మా గదిలో అందరికీ చదివి వినిపించాను. ఆరుగురిలో నలుగురం మిగిలాం. ఇద్దరిద్దరు చొప్పున వారం మార్చి వారం, ఆదివారం పన్నెండు నుంచి రెండు వరకు. మిగతా ఇద్దరూ బ్లడ్ బ్యాంకులో పేర్లు ఇచ్చారు. పరీక్షల తేదీలు ముందే సిస్టర్‌కి రాసిచ్చాం.

ఆ బాబు బుధవారం ఇంజక్షన్‌కి వస్తాడని సిస్టర్ చెప్పారు. ఒంటిగంటకు నా క్లాసు అయిపోతుంది. ముందు క్షమించమని అడుగుతాను. బోర్డు ఇంకా ఖాళీగానే ఉంది, ఏ ఊరో వాడే చెప్పాలి.