బొమ్మలేసేవాడికి నెల్లూరు మేలా, ఒంగోలు మేలా?

అందరికీ నమస్కారం. మాది కనిగిరి వైపు. హైదరాబాద్‌లో ఉంటూ పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంటాను. వచ్చేదాంట్లో సగం అద్దెకే పోతోంది. పనంతా ఎలాగూ మెయిల్‌లోనే నడుస్తుంది కాబట్టి నెల్లూరుకో ఒంగోలుకో మారదామనుకుంటున్నాను.

నెల్లూరైతే పొద్దున్నే రైలెక్కి, చెన్నైలో మంచి కాగితం, రంగులు కొనుక్కుని రాత్రికి ఇల్లు చేరొచ్చు. ఒంగోలైతే అమ్మానాన్నలకు దగ్గర, పైగా కొత్తపట్నం సముద్రం పక్కనే. కానీ అక్కడ కుళాయి నీళ్లు రోజూ రావంటారు, నా టెన్షనంతా అదే. లాయర్‌పేట, సంతపేట వైపు బోరు నీళ్లెలా ఉంటాయి? ఉప్పగా ఉంటే వాటర్‌కలర్ ఆరాక కాగితం మీద తెల్లటి పొడి తేలుతుంది. బొమ్మలకు కూడా బబుల్ క్యాన్ నీళ్లు కొనాలంటే ఇక మిగిలేదేముంది!

నెల్లూరులో దర్గామిట్ట, మాగుంట లేఅవుట్ తప్ప నాకు పెద్దగా తెలియవు. ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉన్న రెండు గదుల పోర్షన్ తక్కువ అద్దెలో ఏ పేటలో దొరుకుతుంది? కరెంటు, నెట్ సంగతేంటి? పెళ్లి కాలేదు, ఉద్యోగమేంటంటే బొమ్మలంటాను. అలాంటివాడికి ఇల్లిస్తారా అండీ? అక్కడ ఉంటున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.