హెచ్‌ఓ నమూనా రైలుమార్గాన్ని ఎన్ స్కేలుకు మార్చడం ఎలా?

ప్రశ్న: నా హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు కొలత) నమూనా రైలుమార్గం 2.4 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు గల బల్లను పూర్తిగా ఆక్రమించింది. అదే పట్టాల పటాన్ని ఇంకా చిన్నదైన ఎన్ స్కేలులో (160వ వంతు) తిరిగి వేయాలంటే కొలతలన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తే సరిపోతుందా? పాత భవనాలు, చెట్లు పనికొస్తాయా?

జవాబు 1: హెచ్‌ఓ 1:87, ఎన్ 1:160 కాబట్టి ప్రతి పొడవు సుమారు 54 శాతానికి, వైశాల్యం 30 శాతానికి తగ్గుతాయి. అయితే 457 మిల్లీమీటర్ల వ్యాసార్థం గల వంపును లెక్క ప్రకారం 249కి కుదిస్తే, పొడవైన పెట్టెలు అక్కడ ఎబ్బెట్టుగా కనిపిస్తాయి. మిగిలిన స్థలాన్ని ముందుగా వంపులకే ఇవ్వండి. రైళ్లను నిలిపే యార్డులో పక్కపక్క పట్టాలను మరీ దగ్గరగా వేయకండి, ఎందుకంటే పట్టాలు తప్పిన పెట్టెను ఎత్తే మన వేళ్ళు స్కేలుతో పాటు సన్నబడవు.

జవాబు 2: ఎత్తుపల్లాల వాలు శాతాన్ని అలాగే ఉంచవచ్చు. భవనాలను మాత్రం వదులుకోవాల్సిందే: హెచ్‌ఓలో 24 మిల్లీమీటర్ల తలుపు నిజానికి 2.1 మీటర్ల ఎత్తుకు సమానం, ఎన్‌లో అదే 3.8 మీటర్లవుతుంది. చెట్లకు ఆ ఇబ్బంది లేదు; ఎనిమిది సెంటీమీటర్ల చెట్టు ఏడు మీటర్లది కాస్తా దాదాపు పదమూడు మీటర్ల మహావృక్షంగా మారుతుంది, నా దృష్టిలో అది లాభమే.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. రైలు వేగాన్ని నియంత్రించే పాత కంట్రోలరు వాడవచ్చా?

జవాబు 1: సాధారణ డీసీ కంట్రోలరైతే, గరిష్ఠంగా 12 వోల్టులే ఇస్తుందని మీటరుతో చూసుకుని వాడండి. ఎన్ ఇంజన్లు తేలికైనవి కనుక పట్టాలపై దుమ్ము చేరితే త్వరగా ఆగిపోతాయి.