యాభై రూపాయల ప్లాస్టిక్ నలభై పౌండ్లకి ఎలా అమ్ముతున్నారు?

బాలానగర్ డైమేకర్:

అందరికీ నమస్కారం. నాది బాలానగర్‌లో చిన్న టూల్‌రూమ్. ఇరవై రెండేళ్లుగా ఇంజెక్షన్ మోల్డులు చేస్తున్నాను, అంటే కరిగిన ప్లాస్టిక్‌ని ఒత్తిడితో నింపి వస్తువులు తీసే లోహపు అచ్చులు. మేం డైలు అంటాం. సీసా మూతలు, స్విచ్ బాక్సులు, టిఫిన్ డబ్బా క్లిప్పులు, ఇలాంటివి. మా మేనల్లుడు ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో చదువుకుంటున్నాడు. మొన్న సెలవులకి వస్తూ వార్‌హామర్ 40,000 అనే యుద్ధాల ఆటకి వాడే బొమ్మల పెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. పది మంది సైనికులు. చేతులు, కాళ్లు, తలలు అన్నీ విడివిడిగా ఫ్రేమ్‌కి అంటుకుని ఉంటాయి. మనమే కోసుకుని, అతికించి, రంగులేసుకోవాలి. ధర దాదాపు 40 పౌండ్లట!

ప్లాస్టిక్ ఖరీదు ఎంత లాగి లెక్కేసినా యాభై రూపాయలు దాటదు. విన్నప్పుడు కోపమే వచ్చింది. మర్నాడు ఒక ఫ్రేమ్ షాపుకి తీసుకెళ్లి లెన్స్ కింద పెట్టి చూశాను. బొటనవేలంత సైనికుడు. భుజం కవచం మీద లక్క ముద్ర, దాని కింద వేలాడే చీటీ, ఆ చీటీకి మడతలు, మడత మీద రాత గీతలు. అచ్చు సందుల్లోంచి కారే పల్చటి ప్లాస్టిక్ అంచు, అదే ఫ్లాష్, ఎక్కడా లేదు. అచ్చు రెండు సగాలూ కలిసే చోట పడే గీతని, అంటే పార్టింగ్ లైన్‌ని, కవచం అంచు వెంబడే నడిపించారు, వెతికితే గానీ దొరకదు. అండర్‌కట్, అంటే బొమ్మ అచ్చులో ఇరుక్కుపోయి బయటికి రాని వంపు, వచ్చే చోట బొమ్మనే ఇంకో ముక్కగా విడగొట్టి, డై సాదాగా తెరుచుకునేలా చూసుకున్నారు. గంటసేపు పని మానేసి దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇది చేసే గేమ్స్ వర్క్‌షాప్ 2024 డిసెంబరులో లండన్ షేర్ మార్కెట్‌లోని వంద పెద్ద కంపెనీల జాబితా ఫుట్సీ 100లో చేరిందని మావాడు చెప్పాడు. పెద్ద బ్యాంకులు, చమురు కంపెనీల వరసలో బొమ్మల కంపెనీ! డై బాగా చేసేవాళ్లు చైనాలో ఉన్నారు, మా వీధిలోనూ ఉన్నారు. మరి అంత డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ట్రెంట్ ఒడ్డు:

అన్నా, నేను నాటింగ్‌హామ్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను, ఏడేళ్లుగా ఈ ఆట ఆడుతున్నాను. నాకు తెలిసింది చెప్తాను.

మొదటిసారి వాళ్ల దుకాణంలోకి అడుగుపెట్టినప్పుడు కొనాలనే ఆలోచనే లేదు. లోపల ఒక్కడే మనిషి. చాలా దుకాణాలు అంతే, ఒక్కరే నడుపుతారు. అతను నన్ను కూర్చోబెట్టి ఒక బొమ్మ, ఒక బ్రష్ చేతికిచ్చాడు. నీలం రంగు ఎక్కడ వెయ్యాలో చూపించాడు. ఆరాక, నీళ్లలా పల్చగా ఉండే నల్ల ఛాయ ఒకటి పైనుంచి పూయమన్నాడు. అది గుంటల్లోకి జారి నిలిచింది, ఒక్కో రివెట్టూ పైకి తేలింది. అన్నా, అప్పటికి స్కూలు వదిలాక నేను రంగులు ముట్టుకోలేదు. ఆ బొమ్మ నాకు ఊరికే ఇచ్చేశారు. ఆ వారాంతమే వెళ్లి పెట్టె, రంగులు, బ్రష్షులు కొన్నాను. ఇలాంటి సొంత దుకాణాలు వాళ్లకి ప్రపంచమంతా కలిపి అయిదు వందలకు పైనే.

డిజైన్, అచ్చు, మోల్డింగ్ అన్నీ ఇక్కడే, నాటింగ్‌హామ్‌లోని లెంటన్ దగ్గర. తయారీ చవక దేశాలకి పంపెయ్యలేదు. రంగులూ వాళ్లవే, ఆట నియమాలూ వాళ్లవే, ఆ లోకం గురించిన నవలలు వేసే ప్రచురణ సంస్థ కూడా వాళ్లదే. ఒక కుర్రాడు పెట్టె కొన్నాడంటే ఏడాది పొడుగునా సాయంత్రాలు దానికే ఇచ్చేస్తాడు. నేను నా మొదటి సైన్యానికి రంగులు వెయ్యడానికి పద్నాలుగు నెలలు పట్టింది. గంటకింత అని లెక్కేస్తే సినిమా కన్నా చవక.

ఇంకో సంగతి మీకు ముఖ్యమనిపిస్తుంది. వాళ్లు కూడా పరాయి సరుకుతోనే ఎదిగారు. 1975లో లండన్‌లో ముగ్గురు స్నేహితులు చెక్క ఆటపలకలు చేసి అమ్మడంతో మొదలు. తర్వాత అమెరికా ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని తెప్పించి అమ్మారు. 1979లో సిటడెల్ మినియేచర్స్ అనే బొమ్మల కంపెనీ పెట్టి సీసం బొమ్మలు పోత పోయడం మొదలెట్టారు. 1983లో వార్‌హామర్ ఆట తెచ్చిందే ఆ బొమ్మలు ఇంకా ఎక్కువ అమ్ముడుపోవాలని. 1987లో వార్‌హామర్ 40,000 వచ్చింది. మా క్లబ్‌లో ఒక పెద్దాయన దగ్గర 80ల చివరినాటి ప్లాస్టిక్ పెట్టె ఇంకా ఉంది, ముప్పై మంది సైనికులు. ఇప్పటి వాటి పక్కన పెడితే మొద్దుగా ఉంటారు. ఆయన మాత్రం ప్రాణంలా చూసుకుంటాడు.

వడ్డీ లెక్క:

డబ్బు వైపు నుంచి నాలుగు మాటలు. దారంతా పూలబాటేం కాదు. 2001 నుంచి లార్డ్ ఆఫ్ ది రింగ్స్ సినిమాల బొమ్మలు లైసెన్సు మీద చేసి బాగా సంపాదించారు. సినిమాల ఊపు తగ్గాక అమ్మకాలు జారాయి. పరాయి కథ మీద కట్టిన ఇల్లు కదా. తర్వాత చాలా ఏళ్లు ఆటగాళ్లతో మాట్లాడడమే తగ్గించేశారు, ధరలు మాత్రం పెంచుకుంటూ పోయారు. 2015-16లో అమ్మకాలు 118 మిలియన్ పౌండ్ల దగ్గర ఆగాయి.

2015 జనవరిలో కెవిన్ రౌన్‌ట్రీ సీఈఓ అయ్యారు. నియమాలు సులువు చేశారు, చిన్న స్టార్టర్ పెట్టెలు తెచ్చారు, సోషల్ మీడియాలో జనంతో మళ్లీ మాట్లాడడం మొదలెట్టారు. 2016-17లో అమ్మకాలు 158 మిలియన్లు. 2024-25లో లైసెన్సు రాబడితో కలిపి 617 మిలియన్లు, పన్నుకి ముందు లాభం 262 మిలియన్లు. మన రూపాయల్లో అమ్మకాలు ఏడు వేల కోట్లు దాటుతాయి. ఇప్పుడు లైసెన్సు ఇచ్చేది వాళ్లు, తీసుకునేది వీడియో గేమ్ కంపెనీలు. నాకు బాగా నచ్చింది ఇంకోటి: ఆ ఏడాది 20 మిలియన్ పౌండ్లు ఉద్యోగులకి పంచారు, హోదాతో పని లేకుండా తలకింత అని సమానంగా.

రెసిన్ రాజు:

నా దగ్గర రెసిన్ ప్రింటర్ ఉంది, ద్రవ రెసిన్‌ని వెలుతురుతో పొరలు పొరలుగా గట్టిపరిచి బొమ్మ తీసే 3డి ప్రింటర్. ఈ బొమ్మల్లాంటివి ఇంట్లోనే తీస్తాను, వివరాలు అద్భుతంగా వస్తాయి. కాకపోతే ఆ వాసన, ఆల్కహాల్‌లో కడగడం, యూవీ వెలుతురు కింద గట్టిపరచడం, పదింట్లో రెండు చెడిపోవడం... చివరికి గోడలు, శిథిలాలు ప్రింట్ చేసుకుని సైనికులని కొనుక్కుంటున్నాను. ధరలు ఎక్కువే, అందులో నాకు వేరే మాట లేదు. ఇండియాకి తెప్పించుకుంటే సుంకం అదనం.

బాలానగర్ డైమేకర్:

అందరికీ చాలా థాంక్స్. ట్రెంట్ ఒడ్డు తమ్ముడూ, నీ జవాబు రెండుసార్లు చదివాను.

నేను చేసిన డైల లెక్కలు ఒక పాత రిజిస్టర్‌లో రాసుకుంటాను. ఇప్పటికి మూడో రిజిస్టర్ నడుస్తోంది. అందులో ఒక్క డై కూడా నాది కాదు. డ్రాయింగ్ పార్టీది, అంటే పని ఇచ్చిన కస్టమర్‌ది, స్టీలు పార్టీది, పని అయ్యాక ఆటోలో వేసుకుని వెళ్లిపోతారు. ఒక మూత డై పదకొండేళ్లుగా నడుస్తోందని ఆ పార్టీయే చెప్పాడు. అది ఎన్ని లక్షల మూతలు తీసిందో. నాకు వచ్చింది ఒక్కసారి జాబ్ వర్క్ డబ్బులు. ఆ నాటింగ్‌హామ్ వాళ్ల డై అయితే వాళ్ల గోడౌన్‌లోనే ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు మెషీన్ మీదికి ఎక్కుతుంది. నాకు అర్థమైంది ఇదే, ఇన్నాళ్లూ ఎవరూ ఇలా విడమరిచి చెప్పలేదు.

నిన్న రాత్రి మా అమ్మాయితో కలిసి ఒక సైనికుణ్ణి అతికించాం. ఆ జిగురు అంటించదు, పాలీస్టైరీన్‌ని కొద్దిగా కరిగిస్తుంది. రెండు ముక్కలూ కలిసి ఒకటైపోతాయి, ఆరాక అతుకు మీద గోరు పెట్టినా తగల్లేదు. అమ్మాయికి బొమ్మలు గీసే చెయ్యి ఉంది. పేపరు మీద తనే ఒక మనిషిని గీసింది: నెత్తిన తలపాగా, చేతిలో బల్లెం, పక్కన కుక్క. కుక్క తోక దగ్గర అండర్‌కట్ వస్తుందని చెప్పాను. తోకని వేరే ముక్క చేద్దాం నాన్నా అంది.

అల్యూమినియంలో చిన్న డై ఒకటి, ఆదివారాలు చేసుకుందామని ఉంది. తమ్ముడూ, ఒక్క సాయం చెయ్యి. మీ క్లబ్ పెద్దాయన్ని అడిగి ఆ పాత ముప్పై మంది పెట్టెలో ఒక బొమ్మని దగ్గరగా ఫొటో తీసి పెట్టు. పక్క నుంచి తియ్యి, పార్టింగ్ లైన్ కనపడాలి. ఒక స్కేలు కూడా పక్కన పెట్టు. వాళ్లు మొదట్లో ఏ పనితనంతో బజారులోకి వచ్చారో చూసుకోవాలి.